వాచికం ఎవరిది?

మన సినిమా నటన గురించి ఎక్కడ చర్చ మొదలైనా రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. "మనవాళ్ళది అతి, పాశ్చాత్యులది సహజం" అనేది మొదటిది. దానికి జవాబుగా, కాస్త రోషంగా, "నాట్యశాస్త్రం పుట్టిన దేశం మనది, సాత్వికం గురించి వాళ్ళకేం తెలుసు?" అనేది రెండోది. మొదటి మాట అనేవాళ్ళు మార్లన్ బ్రాండోని పిలుచుకొస్తారు. రెండో మాట అనేవాళ్ళు ఎస్.వి. రంగారావుని నిలబెడతారు. సాహిత్య సదస్సుల్లో, భోజన విరామాల్లో, థీసిస్ వైవాల్లో ఈ వాదన నేను ఎన్నిసార్లు విన్నానో! రెండు వైపులా ఉదాహరణలు మగవాళ్ళే. అది మనకి అలవాటైన సంగతే కాబట్టి దాని కోసమే ఒక వ్యాసం రాయనక్కర్లేదు. నన్ను తొలుస్తున్నది ఇంకొకటి. ఈ పోలికలో కళ్ళుంటాయి, ముఖం ఉంటుంది, నడక ఉంటుంది. గొంతు మాత్రం ఉండదు.

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. అంటే మాట పలకడం అభినయంలో ఒక అంగం. ఈ శాస్త్రాన్ని చూపించి గర్వపడే మనం, కథానాయిక విషయానికి వచ్చేసరికి ఆ అంగాన్ని కోసి ఇంకో స్త్రీకి అప్పగించి, ఆ ఇద్దరినీ కలిపి ఒకే నటిగా చూడటానికి అలవాటుపడ్డాం. నాలుగు దశాబ్దాలుగా తెలుగులో మనం ప్రేమించిన చాలామంది నాయికలు ఒకరు కాదు, ఇద్దరు. ఒకామె పోస్టర్ మీద ఉంటుంది. ఇంకో ఆమె చీకటి గదిలో మైకు ముందు ఉంటుంది. మరి పాశ్చాత్య నటితో పోల్చేటప్పుడు వీళ్ళిద్దరిలో ఎవరిని పోలుస్తున్నట్టు?

మొదట్నించీ ఇలా లేదు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి పేరులోనే ఆమె ఎక్కణ్ణించి వచ్చిందో ఉంది. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన ఆ నాటక కుటుంబంలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు, వాళ్ళ మాట వాళ్ళే మాట్లాడారు, వాళ్ళ పద్యం వాళ్ళే పాడారు. మర్యాదస్తుల ఇళ్ళలో ఆడవాళ్ళ గొంతు గడప దాటకూడదని అనుకునే రోజుల్లో ఆ గొంతులు వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడాల్సి వచ్చింది. టాకీ వచ్చినప్పుడు సినిమాకి కావలసింది సరిగ్గా అలాంటి గొంతే. అందుకే తొలితరం టాకీల్లో పాడగలిగిన, మాట్లాడగలిగిన రంగస్థల స్త్రీలకి అంత గిరాకీ. వాళ్ళ నటనని ఇవాళ చూసి "డ్రామా లాగా ఉంది" అని నవ్వుతాం. డ్రామానే. కానీ అది సొంత డ్రామా.

ఆ సొంతదనానికి శిఖరం భానుమతి. నటించింది, పాడింది, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది, 'అత్తగారి కథలు' రాసింది. ఆమె నటనలో 'అతి' ఉందా అంటే కొన్నిచోట్ల ఉంది, ముఖ్యంగా తర్వాతి రోజుల్లో. కానీ ఆ మాట విరుపులో, ఆ నిర్లక్ష్యంలో, ఎదుటి హీరో ఎంతవాడైనా లెక్కచెయ్యని ఆ సాగదీతలో ఒక మనిషి ఉంది. భానుమతికి ఇంకొకరు డబ్బింగ్ చెప్పడం ఊహించండి. భానుమతి మిగలదు.

సావిత్రి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 'మాయాబజార్' (1957)లో ఆమె శశిరేఖ మాత్రమే కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా. అంటే ఎస్.వి. రంగారావు భుజాలు, నడక, కనుబొమలు ఒక సన్నటి ఆడపిల్ల ఒంట్లోకి వచ్చి దూరాలి. ఆ పెళ్ళి పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పొడుచుకొస్తుంది. అది వచ్చిన క్షణంలోనే సావిత్రి ఒళ్ళు మారిపోతుంది. పాట ఆమెది కాదని అందరికీ తెలుసు, దాచిపెట్టింది కూడా ఏమీ లేదు. పైగా గొంతుకీ ఒంటికీ ఉన్న ఆ ఎడాన్నే ఆమె నటనగా మార్చుకుంది. సహజత్వం అనే ఒక్క కొలబద్ద పట్టుకుని కూర్చుంటే ఈ నటనని ఎక్కడ పెడతాం? స్టానిస్లావ్‌స్కీ నుంచి లీ స్ట్రాస్‌బర్గ్ దాకా నడిచిన దారి పాత్రలో మునగడం గురించి చాలా చెప్పింది. మునిగి, మధ్యలో తల బయటపెట్టి కన్నుకొట్టి, మళ్ళీ మునగడం గురించి మన వీధి భాగవతాలకే ఎక్కువ తెలుసు. ఇక్కడ నా గర్వం నాకు ఉంది, దాచుకోను.

ప్లేబ్యాక్ పాట వేరు, మాట వేరు. సినిమా స్టూడియో ఫ్లోర్లు వదిలి ఊళ్ళలోకి వచ్చాక, చప్పుడు చేసే తేలికపాటి కెమెరాలు వచ్చాక, షూటింగ్‌లో మాట్లాడిన మాట పనికిరాకుండా పోయింది. అంతా తర్వాత థియేటర్లో కూర్చుని చెప్పుకోవలసిందే. ఎలాగూ తర్వాతే చెప్పాలి కాబట్టి, చెప్పేది ఆ నటే కానవసరం లేదు. నటి తెలుగు రానిదైనా ఫరవాలేదు. ఇలా ఒక సాంకేతిక ఇబ్బంది మెల్లగా ఒక అభిరుచిగా, తర్వాత ఒక మార్కెట్‌గా మారింది. ముఖం బొంబాయిది, మాట తెలుగుది. సరిత, రోజారమణి లాంటి వాళ్ళు స్వయంగా నటులై ఉండీ ఇతర నటీమణులకి ప్రాణం పోశారు. తర్వాత సునీత, సవితారెడ్డి, చిన్మయి... ఒక తరం తెలుగు ప్రేక్షకులకి 'ప్రేమించే అమ్మాయి' ఎలా మాట్లాడుతుందో నేర్పింది ఈ గొంతులే.

మగవాళ్ళకి డబ్బింగ్ లేదా? ఉంది. కమల్ హాసన్ తెలుగు సినిమాలకి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇచ్చారు. ఆ సంగతి తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు అరుదు. ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం. మగ గొంతు అరువిస్తే అది ప్రతిభ, ఆడ గొంతు అరువిస్తే అది రహస్యం. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారిణులకి ఒక విభాగం పెట్టినందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. జాతీయ అవార్డుల్లో అదీ లేదు. అది లేకపోవడం వల్ల ఏమవుతుందో రితుపర్ణ ఘోష్ బెంగాలీ సినిమా 'బారివాలీ' చూపించింది. అందులో నటనకి కిరణ్ ఖేర్‌కి జాతీయ ఉత్తమనటి అవార్డు వచ్చింది. తెర మీద వినిపించిన గొంతు రీటా కొయ్‌రాల్‌దన్న వివాదం రేగింది. ఇద్దరు నటీమణులు ఒకరికొకరు ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. ఒక స్త్రీ పాత్రని ఇద్దరికి పంచి, బహుమతి ఒకరికే ఇచ్చే ఏర్పాటు మాత్రం ఎవరి ముందూ నిలబడలేదు.

ఇది మన వెనకబాటుతనం అనుకునేవాళ్ళకి క్లాడియా కార్డినాలే కథ చెప్పాలి. ట్యునీషియాలో పుట్టి, ఫ్రెంచ్ మాట్లాడుతూ పెరిగి, ఇటాలియన్ పెద్దయ్యాక నేర్చుకున్న మనిషి. ఇటలీలో తారగా వెలుగుతున్నప్పుడు కూడా, ఆమె గొంతు బొంగురుగా ఉందనీ, యాస ఉందనీ సినిమాల్లో ఇంకొకరి గొంతు పెట్టారు. 1963లో ఫెలినీ తన 'ఎయిట్ అండ్ ఎ హాఫ్' కోసం ఆ బొంగురు గొంతునే ఉంచాడు. ఇవాళ ఆమెని తలచుకునేవాళ్ళు ఆ గొంతుని కూడా తలచుకుంటారు. అంటే 'పాశ్చాత్యం' అనేది కూడా ఒక ముద్ద కాదు. ఇటలీకి మన జబ్బే ఉంది, మన కారణాలే ఉన్నాయి. అందమైన ముఖానికి 'తగిన' గొంతు కావాలి, ఆ గొంతులో దేశం గుర్తుపట్టే భాష కావాలి.

హాలీవుడ్ దారి వేరు. అక్కడ యాస నేర్చుకోవడం నటిగా చేసే పని. 'సోఫీస్ చాయిస్' (1982) కోసం మెరిల్ స్ట్రీప్ పోలిష్ యాస పట్టుకుంది, ఆస్కార్ తీసుకుంది. ఆ పనికి టైమిస్తారు, నేర్పేవాళ్ళని పెడతారు, డబ్బిస్తారు. మనదగ్గర భాష రాని అమ్మాయికి ఇచ్చేది షాట్ ముందు అసిస్టెంట్ డైరెక్టర్ చదివి వినిపించే ప్రాంప్టింగ్. తర్వాత పత్రికల్లో "హీరోయిన్‌కి భాష రాదు" అని ఎగతాళి. నేర్పని వాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

అయితే గొంతూ ఒళ్ళూ ఒకటిగా ఉంటే స్త్రీకి స్వేచ్ఛ వచ్చేసినట్టేనా? కాజా సిల్వర్‌మన్ 'ది అకూస్టిక్ మిర్రర్' (1988)లో హాలీవుడ్ మీద సరిగ్గా ఈ అనుమానమే పెట్టింది. అక్కడి సంప్రదాయ సినిమాలో మగ గొంతు ఒంటిని వదిలి పైనుంచి కథ చెప్పగలదు, తీర్పు చెప్పగలదు. ఆడ గొంతుని మాత్రం ఆమె ఒంటికి కట్టేస్తారు, ఆమె చూడబడేదిగానే మాట్లాడుతుంది. నేను థీసిస్ రాసే రోజుల్లో ఈ పుస్తకం చదివినప్పుడు, అయితే మన డబ్బింగ్ కళాకారిణి ఒంటి నుంచి విడిపోయిన ఆడ గొంతు కదా, ఆమెకి ఆ అధికారం వచ్చిందా అని వెతికాను. రాలేదు. ఒంటినుంచి విడిపోయినా ఆమె చెప్పేది ఆ ఒంటి మాటే, కూర్చేది ఆ పెదవులకే. అక్కడ కట్టేసి అణిచారు, ఇక్కడ విడదీసి అణిచారు. పాశ్చాత్య సిద్ధాంతాన్ని తెచ్చి మన మీద అలా పరచడం కుదరదని నాకు ఈ ఒక్క విషయంలో బాగా తెలిసొచ్చింది.

ఇక భాషాభిమానం. డబ్బింగ్ థియేటర్లో చెప్పే ఆ తెలుగు ఏ తెలుగు? నేను పుట్టింది శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్‌లో. ఇప్పుడు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా, 2016 దాకా రంగారెడ్డి జిల్లా. చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ లాబ్‌లు, వాటిల్లో పనికొచ్చిన పది రాష్ట్రాల భాషలు, మధ్యలో మా తెలుగు. చిన్నప్పుడు బళ్ళో "ఏడికి పోయినవ్" అంటే "ఎక్కడికి వెళ్ళావు" అని పదిసార్లు రాయించేవాళ్ళు. ఇంటికొచ్చి టీవీ పెడితే సినిమాలో హీరోయిన్ "ఎక్కడికి వెళ్ళావు" అంటుంది, ఆమె ఇంట్లో పనిమనిషి "ఏడికి పోయినవ్" అంటుంది. బడి, సినిమా కూడబలుక్కున్నట్టు ఉండేవి. 1982లో తెలుగువాడి ఆత్మగౌరవం అనే మాట రాజకీయాల్ని మార్చేసిందని చరిత్రలో చదువుకున్నాం. ఆ ఆత్మగౌరవంలో మా అమ్మ మాట్లాడే తెలుగు ఎప్పుడూ కామెడీ ట్రాక్‌లోనో, విలన్ నోట్లోనో ఉండేది.

ఈ విషయంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది తెలంగాణ శకుంతల. మరాఠీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. రంగస్థలం మీద పేరు తెచ్చుకుని, 'మాభూమి'తో సినిమాకి వచ్చి, మన యాసని ఎంత గట్టిగా పట్టుకుందంటే ప్రాంతం పేరే ఆమె ఇంటిపేరైంది. యాస పట్టడంలో ఆమె ప్రతిభని స్ట్రీప్ ప్రతిభ పక్కన పెట్టి మాట్లాడిన విమర్శకుడు నాకు కనపడలేదు. పెట్టనివ్వని పాత్రలే ఆమెకి దొరికాయి. గద్దించడం, చీర ఎగ్గట్టడం, కత్తి పట్టడం. 2014 జూన్‌లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొద్దిరోజులకే ఆమె పోయింది.

ఆ తర్వాత గాలి కొంత మారింది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి భానుమతి (పేరు చూడండి!) హీరోయిన్‌గానే ఈ తెలుగు మాట్లాడింది. చెప్పింది కోటగిరి నుంచి వచ్చిన సాయిపల్లవి, సొంత గొంతుతో. 'దసరా' (2023)లో కీర్తి సురేష్ కూడా అదే పని చేసింది. అంటే భాష రాని అమ్మాయికి నేర్పితే వస్తుంది, నేర్పాలని అనుకోవాలి అంతే. మా ఊళ్ళో ఒక ఫార్మా కంపెనీలో పనిచేసే అమ్మాయిని 'ఫిదా' ఎట్లుందని అడిగితే, "మా లెక్కనే మాట్లాడ్తది అక్కా, గని మా లెక్క తిట్టదు" అంది. ఆ సినిమా మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి విమర్శ లేదు. యాస తెర మీదికి వచ్చింది, కడిగి, దువ్వి, పూలు పెట్టాక.

కడగని యాస, అసలు మాటే లేని వాచికం చూడాలంటే వెనక్కి, 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'కి వెళ్ళాలి. దొరసానితో పాటు అరణంగా గడీకి వచ్చిన కమలాక్షి కథ. నీళ్ళు మోస్తుంది, ఊడుస్తుంది, దొర పిలిస్తే పోవాలి, అతిథులొస్తే పోవాలి. కడుపొస్తే ఉంచుకునే హక్కు లేదు. ఈ పాత్రకి అర్చనకి జాతీయ ఉత్తమనటి అవార్డు వచ్చింది. మా ఊరి పేరులోనే గడి ఉంది కదా అని, మహిళా సంఘం వాళ్ళ మీటింగ్ అయ్యాక ఒకసారి లాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. అరగంటకి సగంమంది లేచిపోయారు, "గిదేం సిన్మ, మాటలే లెవ్వు" అని. మిగిలినవాళ్ళలో డెబ్బై దాటిన ఒక అవ్వ మాత్రం కదల్లేదు. అర్చన గురించి నేనేదో చెప్పబోతుంటే, "ఆమె యాక్టింగ్ జేస్తలేదు బిడ్డా, పని జేస్తున్నది" అంది. కాసేపాగి, "గడీల మాట్లాడుడు ఏడిది, బాంచన్ అనుడే" అంది.

ఈ సినిమాకి పక్కన పెట్టదగ్గ పాశ్చాత్య నటన బ్రాండోది కాదు. షాంటల్ ఏకర్‌మన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మాన్'లో డెల్ఫీన్ సేరిగ్‌ది. బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు, మూడు రోజులు, మూడు గంటలకి పైన సినిమా. బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది, మధ్యాహ్నాలు డబ్బుకి మగవాళ్ళని రానిస్తుంది, కొడుక్కి అన్నం పెడుతుంది. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పోల్‌లో విమర్శకులు దీన్ని మొదటి స్థానంలో నిలబెట్టారు. కమలాక్షి, జాన్ ఇద్దరూ మాట్లాడరు. కానీ ఒకే మౌనం కాదు. జాన్‌కి తలుపుంది, లోపలి నుంచి గడియ పెట్టుకోగలదు. ఆమె మౌనం ఆ గడియ లోపలిది. కమలాక్షికి ఎక్కడా తలుపు లేదు. సేరిగ్ చేతుల్లో ఉన్నది క్రమం, అది చెదిరినప్పుడు మనకి భయం వేస్తుంది. అర్చన చేతుల్లో ఉన్నది అలసట, దానికి చెదిరే తీరిక కూడా లేదు. ఇలా పోల్చినప్పుడు ఎవరు గొప్ప అన్న ప్రశ్న రాదు, ఎవరి ఇంట్లో ఏ పని, ఎవరి నోటికి ఎవరి తాళం అన్న ప్రశ్న వస్తుంది. 'దాసి'ని ప్రపంచ స్త్రీవాద సినిమా సిలబస్‌లో ఏకర్‌మన్ పక్కన ఎందుకు పెట్టలేదని మనం అడగాలి. మన తెలుగు శాఖల్లో, ఇంగ్లీషు శాఖల్లో ముందు అడగాలి.

భాషని తల్లిని చేసి కొలవడం మనకి ఎలా అలవాటైందో లీసా మిచెల్ తన 2009 పుస్తకంలో వివరంగా చూపించింది. తల్లి అంటే విగ్రహం. విగ్రహం మాట్లాడదు. 2024 డిసెంబర్‌లో సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం పెట్టినప్పుడు ఊరంతా కిరీటం గురించి, చీర రంగు గురించి, బతుకమ్మ గురించి వాదించుకున్నారు. అంతా ఆహార్యమే! తెలుగుతల్లి మీద శంకరంబాడి సుందరాచారి రాసిన గీతాన్ని పాడి ఇంటింటికీ చేర్చిన టంగుటూరి సూర్యకుమారిని తలచుకుంటే నాకు ఈ ముడి ఇంకా బిగుసుకుంటుంది. 'రైతుబిడ్డ' (1939) నాటికే తెర మీద ఉన్న ఆమె, 1961లో న్యూయార్క్‌లో ఠాగూర్ 'ది కింగ్ ఆఫ్ ది డార్క్ చాంబర్'లో సుదర్శన రాణిగా ఇంగ్లీషులో నటించి అక్కడి విమర్శకుల అవార్డు అందుకుంది, తర్వాత లండన్‌లో స్థిరపడింది. ఆ నాటకంలో రాజు చీకట్లోనే వస్తాడు. రాణికి అతని గొంతు మాత్రమే తెలుసు, ముఖం తెలియదు. మన సినిమాలో తిరగబడ్డ బొమ్మ! భారతీయ, పాశ్చాత్య నటనల పోలికకి ఇంతకంటే దగ్గరి సాక్షి మనకి లేదు. ఆమె నటన మీద తెలుగులో ఒక్క పీహెచ్‌డీ కూడా నా కంటపడలేదు.

2023లో 'ఆర్ఆర్ఆర్' పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు నేనూ తెల్లవారుజామున లేచి చూశాను, నాకూ ఒళ్ళు పులకరించింది. తెలుగు మాట ఆ వేదిక మీద మోగింది. ఆ సినిమా ఎలా మొదలవుతుందో గుర్తుందా? మల్లి అనే గోండు పిల్ల తెల్లదొరసాని చేతి మీద బొమ్మ వేస్తూ పాడుతుంది. ఆ పాట, ఆ చెయ్యి నచ్చి దొరసాని రెండు నాణేలు పారేసి పిల్లని తీసుకుపోతుంది. తర్వాత మూడు గంటలూ మగవాళ్ళు పోరాడతారు, పాడతారు, ఆడతారు. పోయింది ఒక ఆడపిల్ల గొంతు. ప్రపంచం చప్పట్లు కొట్టింది ఇద్దరు మగవాళ్ళ అడుగులకి.

2018 సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడాది వచ్చిన 'మహానటి'లో సావిత్రిగా కీర్తి సురేష్ తన గొంతుతో తానే మాట్లాడింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. కోమాలో మాట పడిపోయిన సావిత్రి కథని వెతికి రాసే విలేఖరి మధురవాణికి నత్తి. ఆ నత్తి మాటలు పలికింది సమంత, తన సొంత గొంతుతో. 'ఏ మాయ చేసావే' (2010) నుంచి ఎన్నో సినిమాల్లో ఆమెకి మాట ఇచ్చింది చిన్మయి. అదే ఏడాది అక్టోబర్‌లో చిన్మయి తన సొంత మాట మాట్లాడింది. ఒక ప్రముఖ తమిళ కవి మీద లైంగిక వేధింపు ఆరోపణ బయటపెట్టింది. నవంబర్‌లో చెన్నైలోని డబ్బింగ్ కళాకారుల యూనియన్ ఆమె సభ్యత్వం తీసేసింది. చందా కట్టలేదు కాబట్టి అని యూనియన్ అంది. నోరు విప్పాను కాబట్టి అని ఆమె అంది.